బోర్లించిన కంచాలు

ఇలా రా తల్లీ, దగ్గరకు జరుగు. ఆ బంతిని మూలన పెట్టు, అదెక్కడికీ పారిపోదు. ఈ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ వింటే నీకూ పొద్దుపోతుంది, నాకూ పనవుతుంది. గొంతు పెంచి చెప్పే ఓపిక ఈ అమ్మమ్మకు లేదు, పక్కన కూర్చుంటేనే వినబడుతుంది.

ముందు ఒక మాట. పొద్దున నేను నీ చేతికిచ్చిన రొట్టె, గుడ్డు చెప్పుల అరలో నీ పాత బూటులో దొరికాయి. కంగారుపడకు, మీ అమ్మకు చెప్పలేదు. బడి జట్టులో నీ పేరు వచ్చినప్పటి నుంచి నువ్వు కడుపు మాడ్చుకుంటున్నావని నాకు తెలుసు. ఒళ్ళు తేలికైతే బంతిలా ఎగరొచ్చని నీకెవరో చెప్పి ఉంటారు. బంతి ఎగరాలన్నా లోపల గాలి ఉండాలి కదే పిచ్చిదానా!

నిన్ను తిట్టను. తిట్టే హక్కు నాకు లేదు. ఈ తిండి విషయంలో మీ అక్కకు నేను చేసిన పొరపాటు నువ్వు చేసినదానికంటే పెద్దది. అది చెబుతాను విను.

మీ అక్కకు అప్పుడు పద్నాలుగేళ్ళు. ఏడాదిలో గౌన్లన్నీ జాకెట్లయిపోయినంత వేగంగా పెరిగింది. ఇంట్లో గుమ్మాలన్నీ దాని నుదుటికి తెలుసు. పై అరలో డబ్బా కావాలంటే దాన్నే పిలిచేవాళ్ళం కాబట్టి దానికి 'నిచ్చెన' అని పేరు పడిపోయింది. నీకు నాలుగేళ్ళు. ఎప్పుడూ నా చంకలోనే ఉండేదానివి, దించితే ఊరంతా వినబడేలా ఏడ్చేదానివి.

మనం అప్పుడు మూడో అంతస్తులో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. ఆ మేడకు లిఫ్టు ఉండేది. అది నడిచిన రోజులు నా రెండు చేతుల వేళ్ళకు సరిపోతాయి. మీ అమ్మ పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేసేది. రోగుల దుప్పట్లు, డాక్టర్ల కోట్లు ఉతికి, ఆవిరి యంత్రంలోంచి తీసి, మడతపెట్టి, కట్టలు కట్టే పని. పొద్దున తొమ్మిదింటికి వెళ్తే మళ్ళీ ఎనిమిదిన్నరకు మెట్ల మీద దాని అడుగులు వినబడేవి. రెండో అంతస్తు దగ్గర అవి ఆగేవి. ఊపిరి పీల్చుకునేది. మళ్ళీ వినబడేవి. ఆ మధ్యలో ఆగిన కాసేపూ నేను పొయ్యి దగ్గర చెయ్యి ఆపి నిలబడేదాన్ని.

మీ నాన్న పోయిన రెండో నెలలో అది ఆ పనిలో చేరింది. మొదటి వారం నేను పిల్లలకు ఏడింటికే పెట్టేసి, మీ అమ్మ వంతు మూతపెట్టి ఉంచేదాన్ని. ఒకరోజు వంటగదిలోకి వెళ్ళి చూస్తే అది పొయ్యి దగ్గర నిలబడి, గిన్నెలోంచే నాలుగు ముద్దలు తిని, చెయ్యి కడిగేసుకుంటోంది.

“అదేంటే, పిట్ట కూడా ఇంతకంటే ఎక్కువ తింటుంది” అన్నాను.

“గోడను చూస్తూ ఎంత తింటామమ్మా” అంది. ఆ ఒక్క మాటే.

మర్నాడే ఇంట్లో కొత్త చట్టం తెచ్చాను. సాయంత్రం కాగానే బల్ల మీద కంచాలు బోర్లించి పెట్టాలి. మీ అమ్మ వచ్చి, స్నానం చేసి, తన చేత్తో వాటిని తిప్పాలి. అప్పటిదాకా ఎవ్వరూ ముట్టకూడదు. నీకొక్కదానికే మినహాయింపు, నువ్వు చట్టాలకు లొంగే రకం కాదు. రోజూ ఎనిమిదీ నలభైకి మీ అమ్మ తడిజుట్టుతో వచ్చి కంచాలు తిప్పేది. ఠక్, ఠక్, ఠక్. ఆ చప్పుడుతో ఇల్లు కదిలేది. మీ అక్క బడి కబుర్లు చెప్పేది, మీ అమ్మ నవ్వేది, రెండోసారి అన్నం వడ్డించుకునేది. రెండేళ్ళు అలా గడిచాయి. నా జన్మలో చేసిన మంచి పనుల్లో అదొకటని నేను మురిసిపోతూ ఉండేదాన్ని.

ఇక ఆ బాస్కెట్‌బాల్ ఆట సంగతికి వస్తాను.

మీ అక్క బడికి ఒక కోచ్ ఉండేది. మెడలో ఈల లేకుండా ఆవిడను చూసినవాళ్ళు లేరు. పిల్లలు చాటుగా ఈలమ్మ అనేవాళ్ళు. ఆవిడకు తెలుసు, పట్టించుకునేది కాదు. ఆ ఏడాది పన్నెండు మంది ఆడపిల్లలను ఆటల బడికి ఎంపిక చేసి పంపే పని ఆవిడకు అప్పగించారు. ఆ బడిలో ఉండటానికి గది, చదువు, రోజూ మంచి కోర్టులో ప్రాక్టీసు, అన్నీ వాళ్ళే చూసుకుంటారు. మూడు ఆటలు ఆడించి, చూసి, పేర్లు రాస్తానంది. మీ అక్క ఆ పన్నెండులో ఉండాలని ఎంత తపించిందంటే, నిద్రలో కూడా చెయ్యెత్తి బుట్టలోకి బంతి విసిరేది. ఆ బంతి రోజూ నా చెంప మీద పడేది.

మొదటి ఆట ఒక శనివారం సాయంత్రం. నిన్ను చంకనేసుకుని నేనూ వెళ్ళాను. ఆటను నాలుగు ముక్కలుగా ఆడతారనీ, ఒక్కో ముక్కను క్వార్టర్ అంటారనీ అక్కడే తెలుసుకున్నాను. మొదటి మూడు క్వార్టర్లూ మీ అక్కను చూడాలి! వెళ్ళి బుట్టలో బంతి వేసి రావడం, గోడకున్న స్విచ్చి నొక్కి వచ్చినంత తేలిక. నాలుగోది మొదలైన రెండు నిమిషాలకు ఎవరో దాని కాళ్ళకు ఇసుక మూటలు కట్టినట్టయింది. బంతి అవతలి వైపు వెళ్ళిపోతే ఇది మధ్యగీత దగ్గరే మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడింది. ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. చేతిలోకి వచ్చిన బంతి రెండుసార్లు జారిపోయింది.

ఆట అయ్యాక ఈలమ్మ నా దగ్గరకు వచ్చింది.

“అమ్మగారూ, మీ మనవరాలు మూడు క్వార్టర్లు పులి, నాలుగోదాంట్లో పిల్లి. ఈ పిల్ల ఎప్పుడు తింటుందండీ?”

నాకు ముక్కు మీదకు కోపం వచ్చింది. “ఎప్పుడేంటి మేడం? మా ఇంట్లో తిండికి లోటా? ముప్పై రెండేళ్ళు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఐదొందల మందికి వండిపెట్టిన చెయ్యి ఇది.”

“లోటని అనలేదండీ. ఎప్పుడు తింటుంది అని అడిగాను.”

“కడుపు నిండా తింటుంది!” అన్నాను.

ఆవిడ నన్ను చూసింది, మీ అక్కను చూసింది, ఈల నోట్లో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆవిడ అడిగిందొకటి, నేను చెప్పిందొకటి. ఆ తేడా నాకు అర్థం కావడానికి ఇంకో ఆట పోవాల్సి వచ్చింది.

మరుసటి శనివారం నాలుగింటికి రెండో ఆట. ఈసారి ఎవరూ నా చేతికి వంక పెట్టకూడదని మూడింటికి మీ అక్కను బల్ల ముందు కూర్చోబెట్టాను. గుట్టలా అన్నం, గరిటెడు పప్పు, నూనెలో వేయించిన బంగాళాదుంపలు, రెండు గుడ్లు, గిన్నెడు గడ్డపెరుగు. పైన బెల్లం కలిపిన పాలు.

“అమ్మమ్మా, నేను ఆడటానికి వెళ్తున్నానా, లారీకి మూటలెత్తడానికి వెళ్తున్నానా?”

“మూటలెత్తేవాళ్ళకు నాలుగో క్వార్టరైనా ఐదో క్వార్టరైనా ఒకటే. తిను.”

“గొంతుదాకా వచ్చింది, ఇక చాలు.”

“గొంతుదాకానే వచ్చిందంటే నోరు ఖాళీగా ఉందన్నమాట. ఇంకొక్క ముద్ద.”

తిన్నది పాపం. నా మాట కాదనలేక తిన్నది.

రెండో క్వార్టర్‌లో డొక్కలో నొప్పి పట్టుకుంది. పరుగెత్తబోయి ఆగింది. గీత దాటి కుళాయి దగ్గరకు పోయి, తిన్నదంతా కక్కేసింది. అవతలి జట్టు పిల్ల ఒకతె “ఒసేయ్, నిచ్చెన కూలిందే!” అని నవ్వింది. మిగతా ఆటంతా మీ అక్క తడితువ్వాలు నెత్తిన వేసుకుని బెంచీ మీద కూర్చుంది. నువ్వు నా ఒళ్ళో కూర్చుని చప్పట్లు కొడుతూనే ఉన్నావు, నీకు ఎవరు ఆడినా ఒకటే. ఆ చప్పట్లు ఆపడానికి నీ చేతులు రెండూ పట్టుకుని కూర్చున్నాను.

ఈలమ్మ ఈసారి నన్నేమీ అడగలేదు. మీ అక్కతోనే అంది. “చివరి ఆట మూడు వారాల తర్వాత. నాలుగో క్వార్టర్ ఆఖరిదాకా వెనక్కీ ముందుకీ పరుగెత్తితేనే నీ పేరు రాస్తాను. ఎత్తు చూసి రాయను. అర్థమైందా?”

బస్సులో మీ అక్క కిటికీకి నుదురు ఆనించి కూర్చుంది. మెట్లెక్కుతూ రెండో అంతస్తు దగ్గర, అచ్చం మీ అమ్మలాగే, ఆగింది.

“నా మంచికే పెట్టావని తెలుసు. అందుకే నిన్ను తిట్టలేకపోతున్నా. తిట్టలేకపోతున్నాననే ఇంకా మండుతోంది” అంది.

నిన్ను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని మెట్లెక్కాను. ఆ రోజు ఆ మెట్లు ఎన్నో ఉన్నట్టు అనిపించాయి.

సోమవారం మీ అక్క ప్రాక్టీసు నుంచి ఆరున్నరకు వచ్చింది. నేను అలవాటుగా కంచాలు బోర్లించాను. అది కాళ్ళు కడుక్కుని బల్ల ముందు కూర్చుని లెక్కల పుస్తకం తెరిచింది. నేను నిన్ను పడుకోబెట్టి వచ్చేసరికి, బోర్లించిన తన కంచం మీద చెంప ఆనించి నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. మెల్లగా తల పైకెత్తాను. కంచం అడుగు అంచు దాని చెంప మీద గుండ్రంగా అచ్చుపడింది. ఎర్రగా.

ఆ అచ్చు చూస్తూ పక్కనే కూర్చుండిపోయాను.

నేను పనిచేసింది ఇనుము కరిగించే ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో. అది నీకు తెలుసు. కానీ చేరిన మొదటి నెలలో జరిగింది నీకు చెప్పలేదు. అక్కడ కొలిమి చుట్టూ ఎత్తైన అరుగు ఉండేది. కొలిమివాళ్ళు ఇనుప మెట్లెక్కి ఆ అరుగు మీద నిలబడి ఆరు గంటలు ఆ వేడిలో పనిచేయాలి. అంత కష్టపడేవాళ్ళు కదా అని నేను వాళ్ళకు ఎక్కేముందే కంచాలు నింపి పెట్టాను. ఒకతను పైన కళ్ళు తిరిగి కూలబడ్డాడు. పక్కవాళ్ళు చొక్కా పట్టుకుని లాగారు కాబట్టి బతికాడు. అంతకుముందు నెల ఇంకొకతను ఏమీ తినకుండా ఎక్కి అలాగే పడ్డాడట. కొలిమి మేస్త్రీ క్యాంటీన్‌లోకి వచ్చాడు. మసి ముఖం, మెత్తటి గొంతు.

“అమ్మా, నువ్వు ప్రేమగా పెట్టావు, వాడు ప్రేమగా తిన్నాడు. కొలిమికి ప్రేమ తెలియదు కదమ్మా. ఎక్కేముందు పిడికెడు, దిగాక గంపెడు. అలా పెట్టు.”

ఆ రోజు నుంచి ముప్పై రెండేళ్ళు అలాగే పెట్టాను. షిఫ్టుకు మూడు గంటల ముందు మామూలు భోజనం. ఎక్కేముందు ఒక అరటిపండు. మధ్యలో దిగినప్పుడు నీళ్ళు. షిఫ్టు అయి చేతులు కడుక్కోగానే, ఒళ్ళు ఇంకా వేడిగా ఉండగానే, అన్నం, పప్పు, గుడ్డు, పెరుగు. ఐదొందల మందిలో ఎవరు ఏ వేళకు ఎక్కుతారో, ఏ వేళకు తినాలో నాకు కంఠతా వచ్చు.

దీపం కిందే చీకటి అంటారు చూడు. ఇంట్లో పిల్ల ఎప్పుడు తింటుందో మాత్రం నేను ఏనాడూ చూడలేదు. అప్పుడు వేళ్ళు మడిచి చూసుకున్నాను. పన్నెండున్నరకు బడిలో డబ్బా అన్నం. నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా పరుగు. తర్వాత రెండు గంటలు, బోర్లించిన కంచం ముందు ఎదురుచూపు. ఎనిమిదీ నలభైకి ఆవురావురుమని రెండు పూటల తిండి ఒక్క పూటలో తినేసి, బరువుగా నిద్ర. తెల్లారి లేస్తే నోటికి ఏదీ సయించక, టీ నీళ్ళు తాగి మైదానానికి పరుగు. ఆటలున్న శనివారాలైతే ఇంకా అన్యాయం. మొదటి ఆటకు ఏం తిని వెళ్ళిందని లేపి అడిగితే, “కడుపు ఖాళీగా ఉంటే తేలిగ్గా ఉంటుందని ఏమీ తినలేదు” అంది. ఇంకేముంది, నాలుగో క్వార్టర్ ఎక్కడి నుంచి వస్తుంది?

పిల్ల కడుపు మీద ఆ కంచం బోర్లించింది నేనే. మీ అమ్మ కోసమని.

ఎనిమిదిన్నరకు మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. ఆగాయి. మళ్ళీ వినబడ్డాయి. మీ అమ్మ స్నానం చేసి వచ్చి, కంచం తిప్పబోతే చెయ్యి పట్టుకున్నాను.

“ఈ పద్ధతి ఇక వద్దే” అన్నాను.

“ఏ పద్ధతి?”

“ఈ బోర్లించడం. పిల్ల ఆరున్నరకు ఆడి వస్తుంది. దాని ఒళ్ళు అప్పుడు తిండి అడుగుతుంది. మనం దాన్ని రెండు గంటలు కూర్చోబెడుతున్నాం.”

“నాకేం ఆకలి లేదు” అంది మీ అక్క.

“నువ్వు నోర్మూసుకో. నీ చెంప చెబుతోంది.”

మీ అమ్మ ఆ చెంప చూసింది. వేలితో ఆ ఎర్రటి గీత మీద రాసింది. సబ్బునీళ్ళకు దాని వేళ్ళు పగిలి గరుకుగా ఉండేవి, మీ అక్క మొహం చిట్లించింది. మీ అమ్మ కుర్చీలో కూర్చుంది.

“అంటే రేపటి నుంచి నేనొక్కదాన్నే తినాలన్నమాట” అంది. కోపంగా కాదు. రేపు ఎన్ని దుప్పట్లు ఉన్నాయో చెప్పినట్టు చెప్పింది.

“నేనుంటాగా తోడు.”

“నువ్వా? ఎనిమిది కొట్టేసరికి నీ తల గోడగడియారం లోలకంలా ఊగుతుంది.”

“అమ్మ లేకుండా నేను తినను” అని మీ అక్క లేచి నిలబడింది. “ఆ బడీ వద్దు, జట్టూ వద్దు. మన కంచాలు ఇలాగే ఉండనీ.”

అది ఉత్త మాట కాదు తల్లీ. నిద్రలో కూడా బంతి విసిరే పిల్ల, మెలకువగా ఉండి ఆ మాట అంది. మీ అమ్మ కంచాలు తిప్పింది. ఠక్, ఠక్, ఠక్. ముగ్గురం తిన్నాం. అంత చప్పగా ఆ ఇంట్లో అన్నం ఎప్పుడూ తినలేదు.

తెల్లారి నేను లేచేసరికి మీ అమ్మ పనికి తయారై బల్ల దగ్గర నిలబడి ఉంది. బల్ల మీద రెండు కంచాలు వెల్లకిలా ఉన్నాయి, మీ అక్కది, నాది. ఒక్కటే బోర్లించి ఉంది.

మీ అక్కను పిలిచింది. “ఇలా చూడు. ఆరున్నరకు నీ కంచంలో అన్నం పడాలి. నువ్వు తినకపోతే రాత్రి నేనూ తినను. రోజంతా దుప్పట్లే మడతపెడతాను, మాట మడతపెట్టను.” అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. మెట్ల మీద దాని అడుగులు ఎక్కడా ఆగలేదు. దిగేటప్పుడు ఆగదులే.

ఆ రోజు నుంచి మీ అక్కకు కొలిమివాళ్ళ పద్ధతి పెట్టాను. తెల్లారి మైదానానికి వెళ్ళేముందు ఒక అరటిపండు. వచ్చాక గుడ్డు, రెండు రొట్టె ముక్కలు, పాలు. మధ్యాహ్నం డబ్బాలో అన్నంతో పాటు ఏదో ఒక ఆకుకూర. మూడున్నరకు బడి గేటు దగ్గరకు నిన్ను ఎత్తుకుని వెళ్ళి, ఒక పండు, గుప్పెడు వేయించిన వేరుశనగ గుళ్ళు ఇచ్చి వచ్చేదాన్ని. మిగతా పిల్లలు తాగే రంగునీళ్ళ సీసా దాని సంచిలో కనబడితే నేనే పారబోసి మంచినీళ్ళు పోసేదాన్ని. ఆరున్నరకు వేడి అన్నం, పప్పు, గుడ్డు, కూర. గుట్ట కాదు, సరిపడా.

ఏదో మంత్రం వేసినట్టు మర్నాడే పులి అయిందనుకుంటున్నావేమో. ఏమీ కాలేదు. మొదటి మూడు రోజులు మీ అక్క, మీ అమ్మ కంచాన్ని చూస్తూ ముద్ద మింగలేక ఏడ్చింది. నాలుగో రోజు పొద్దున గుడ్డు వాసన పడలేదని వదిలేసింది. నేను రోజూ ఆ మూడంతస్తులూ ఎక్కి దిగలేక, పడుకునే ముందు మోకాళ్ళకు వేడి గుడ్డ చుట్టుకునేదాన్ని. ఇక మీ అమ్మకు తోడు కూర్చోవడం సంగతి చెప్పనే అక్కర్లేదు. దాని రెండో ముద్దకే నా కళ్ళు మూతపడేవి.

“తోడుండమంటే గురక తోడిస్తున్నావు కదమ్మా” అనేది మీ అమ్మ.

నవ్వుతూనే అనేది. కానీ గిన్నెలు కడిగేది నేను కదా, నాకు తెలుసు. దాని వంతు అన్నం సగం అలాగే మిగిలిపోయేది. ఒక కంచం నిండితే ఇంకో కంచం తరుగుతోందని ఎవరితో చెప్పుకోను?

వారం గడిచాక ఒకరోజు, ఎనిమిదీ నలభైకి మీ అమ్మ బల్ల ముందు కూర్చోగానే, మీ అక్క ఒక గ్లాసుతో పాలు తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది.

“నువ్వు తిన్నావుగా?” అంది మీ అమ్మ.

“తిన్నాను. పాలు తాగకూడదని ఈలమ్మ చెప్పలేదుగా” అంది. గ్లాసు పట్టుకుని, ఆ రోజు ఎవరు ఎవర్ని ఎలా నెట్టారో, ఎవరి బూటు తాడు ఊడి ఎవరు పడ్డారో, నలభై నిమిషాలు చెప్పింది. ఒక్క గ్లాసు పాలు నలభై నిమిషాలు తాగవచ్చని నాకు అప్పుడే తెలిసింది. పైన మీగడ కట్టి, చల్లారి, చివరికి నేను గుర్తుచేస్తే తాగింది. మీ అమ్మ రెండోసారి అన్నం వడ్డించుకుంది. నేను నిశ్చింతగా గురకపెట్టాను.

చివరి ఆట ఆదివారం పొద్దున పదింటికి. ఆరున్నరకే లేపి దానికి రొట్టె, గుడ్డు, పెరుగు పెట్టాను. అప్పటికే నాకు చెయ్యి దురద, ఇంకొంచెం పెడదామా అని. చెయ్యి చీరకొంగులో చుట్టుకుని కూర్చున్నాను. తొమ్మిదింటికి ఒక అరటిపండు. అంతే.

మీ అమ్మ ఆ రోజు పని మార్చుకుని వచ్చింది. వచ్చిందన్నమాటే గానీ, సిమెంటు మెట్ల మీద నా భుజానికి ఆనుకుని రెండో క్వార్టర్‌లోనే నిద్రపోయింది. ఇటు భుజం మీద అది, ఒళ్ళో నువ్వు. ఇద్దరి బరువుతో నేను కదలకుండా చూశాను.

నాలుగో క్వార్టర్ ఈల మోగింది. మీ అమ్మను మోచేత్తో పొడిచాను. బంతి అవతలికి వెళ్ళింది, మీ అక్క వెళ్ళింది. ఇవతలికి వచ్చింది, మీ అక్క వచ్చింది. ముఖం ఎర్రగా ఉంది, తెల్లగా లేదు. మధ్యగీత వచ్చినప్పుడల్లా నా గుండె ఆగేది, అక్కడ ఆగి వంగుతుందేమోనని. అది ఆగలేదు. ఒకసారి కాలు తడబడి పడింది, లేచింది, మళ్ళీ వెళ్ళింది. చివరి నిమిషంలో అవతలి పిల్ల, ఆ నవ్విన పిల్లే, బంతితో ఒంటరిగా పరుగెత్తుతుంటే, అందరూ నిలబడిపోయినా మీ అక్క ఒక్కతే వెంటపడి వెళ్ళి బుట్ట కింద చెయ్యి అడ్డం పెట్టింది. ఆ బంతి పడలేదు.

అయినా మన జట్టు ఓడిపోయింది, మూడు పాయింట్ల తేడాతో. కథల్లోలాగా గెలవలేదు.

ఈలమ్మ గోడకు కాగితం ఆనించి పేర్లు రాసి, పైనుంచి కిందికి చదువుతుంటే మీ అమ్మ నా చెయ్యి నలిపేసింది. పది పేర్లు అయ్యాయి. పదకొండోది మీ అక్కది. పైనుంచైతే పదకొండు గానీ కిందనుంచి చూస్తే రెండోదేగా!

ఈలమ్మ నా దగ్గరకు వచ్చింది. “ఇప్పుడు చెప్పండి అమ్మగారూ, ఎప్పుడు తింటుంది?”

“ఎక్కేముందు పిడికెడు, దిగాక గంపెడు మేడం” అన్నాను. ఆవిడకు సగం అర్థమై నవ్వింది.

మీ అక్క చెమటతోనే వచ్చి నా ముందు కూలబడింది. ఎంపికయ్యానని అనలేదు. “అమ్మమ్మా, ఆకలి” అంది. డబ్బా తీశాను. కంచాలు తీసుకెళ్ళలేదు కదా, డబ్బా మూతలోనే అన్నం కలిపి, ముగ్గురం ఒకే మూతలో తిన్నాం. నువ్వు అందులోంచి గుడ్డు కాజేశావు. ఎండ పడుతోంది, బంతి చప్పుడు ఆగిపోయింది, మీ అమ్మ అన్నం నములుతూనే మళ్ళీ కునుకు తీసింది.

నెల తిరక్కుండానే మీ అక్క ఆటల బడికి వెళ్ళిపోయింది. ఆ రోజు సాయంత్రం మీ అమ్మకు ఎదురుగా కుర్చీ ఖాళీ. నేను ఏం చేయాలో తెలియక నిలబడితే, నువ్వు నీ చిన్న గ్లాసు ఈడ్చుకుంటూ వచ్చి ఆ కుర్చీ ఎక్కి కూర్చున్నావు. నీకు గుర్తులేదు. అందులో పాలు కూడా లేవు, ఉత్త గ్లాసే. అప్పటి నుంచి ఆ కుర్చీ నీదే.

మీ అక్క ఐదేళ్ళు ఆడింది. తర్వాత మోకాలు మొరాయించింది. ఇప్పుడు ఇంకో ఊళ్ళో బడిపిల్లలకు ఆట నేర్పుతోంది, మెడలో ఈల కూడా వేసుకుంటోందట. ఏ పిల్ల పాలిపోయి కనబడినా ముందు ‘ఎప్పుడు తిన్నావే?’ అని అడుగుతుందట.

అయిపోయాయా ఈనెలు? ఇటివ్వు. వెళ్ళి ఆ పొయ్యి పక్కన మూత తియ్యి. బూటులో రొట్టె కాదులే, వేరే పెట్టాను. నీ ప్రాక్టీసు నాలుగున్నరకు కదా, ఇప్పుడు ఒంటిగంట, సరిగ్గా సరిపోతుంది. రాత్రి అమ్మ వచ్చేసరికి నువ్వు తినేసి ఉండు. ఊరికే ఎదురుగా కూర్చో, చాలు.

నాకిక కళ్ళు మూతలు పడుతున్నాయి. ఈ కథ మళ్ళీ చెప్పే ఓపిక నాకుంటుందో లేదో. కొలిమి మేస్త్రీ మాట నాతో పోకూడదు, ఆ చెంప మీద అచ్చు కూడా నాతో పోకూడదు. గుర్తుపెట్టుకో తల్లీ. రేపు మీ జట్టులో కడుపు మాడ్చుకునే పిల్ల ఇంకొకతె ఉంటుంది, ఉండకుండా పోదు. దాని పక్కన కూర్చుని, సగం అరటిపండు దాని చేతిలో పెట్టి, ఈ కథ నువ్వు చెప్పు.